గాలివాన రాత్రి లాంతరు పట్టుకున్నదెవరు

ఫోర్‌మన్ బాబాయి పెద్దకర్మకి తెనాలి వెళ్ళొచ్చాను. రక్తసంబంధం ఏమీ లేదు. పదహారేళ్ళ వయసులో ప్రెస్సులో నాకు అచ్చుపని నేర్పిన మనిషి. ఆయన్ని బాబాయ్ అనీ, వాళ్ళావిడని పిన్నీ అనీ పిలవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. నాకు తెలిసినప్పట్నుంచీ అంతే.

భోజనాలయ్యాక, విస్తళ్ళు తీస్తుండగా, ప్రెస్సు ఓనరుగారి అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను చేరినప్పుడు నిక్కరు వేసుకుని మిషన్ చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు ఆయనకీ యాభై దాటాయి. "అన్నా, పాత షెడ్డు వచ్చే నెల పడగొట్టిస్తున్నాం. ఒకసారి చూస్తావా?" అన్నాడు. రైలుకి ఇంకా నాలుగు గంటల టైముంది. పద అన్నాను.

రణరంగ చౌక్ మీదుగా నడిచాం. 1942 క్విట్ ఇండియా రోజుల్లో పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయిన చోటు. బాబాయి తరం వాళ్ళు నాకు తెలిసినంతలో చాలామంది ఆ తుపాకీ చప్పుడు మేం విన్నామనే చెప్పేవాళ్ళు. బాబాయీ చెప్పేవాడు. అప్పటికి ఆయనకి ఏడేళ్ళు. నిజంగా విన్నాడో, విన్నవాళ్ళ దగ్గర వినీ వినీ తనూ విన్నట్టే అయిందో అన్న ఆలోచన ఆ రోజుల్లో నాకు రాలేదు. సాయంత్రం అదే ప్రశ్న నా మీదకే తిరిగొస్తుందని తెలియక, ఏవో కబుర్లు చెప్పుకుంటూ దాటిపోయాం.

షెడ్డుకి ఇంకా ఆ పాత చెక్క పలకల తలుపులే. ఒక్కో పలకకీ తారుతో నంబరు రాసి ఉంటుంది. ఒకటో పలక తీస్తే గాని రెండోది రాదు. మూడో పలక తీసేసరికి లోపల్నుంచి వాసన వచ్చింది. కిరసనాయిలు, ఇంకు, చెమ్మగిల్లిన కాగితం, వాటికింద ఎక్కడో సీసం. మిషన్లు ఎప్పుడో పాత ఇనుము కింద పోయాయి. టైపంతా, అంటే సీసపు అక్షరాలన్నీ, కిలోల లెక్కన కరిగించేవాళ్ళకి వెళ్ళింది. మూలన, ఆ అక్షరాలు పోసుకునే గళ్ళపెట్టెలు, నాలుగు ఖాళీ కేసులు తప్ప ఏమీ మిగల్లేదు. వాసన మాత్రం మిగిలింది.

గడపలో నిలబడే నా ఎడమచేతి వైపు చూసుకున్నాను. వేళ్ళు సగం ముడుచుకుని, బొటనవేలు లోపలికి వంగి ఉంది. అక్షరాలు వరసగా పేర్చుకునే కంపోజింగ్ స్టిక్ పట్టుకున్నప్పుడు చెయ్యి అలాగే ఉంటుంది. వరసలో పెట్టిన చివరి అక్షరం పడిపోకుండా బొటనవేలితో ఆనించి పట్టుకోవాలి. నలభై ఏళ్ళ కింద మానేసిన పని. నేను చెప్పకుండానే చెయ్యి ఆ ఆకారంలోకి వచ్చేసింది.

* * *

వాసన విషయంలో మెదడు వేరే దారి పెట్టుకుంది. చూసినదీ విన్నదీ తాకినదీ ముందు థాలమస్ అనే చోట ఆగి, అక్కణ్ణుంచి వాటి వాటి చోట్లకి వెళతాయి. రేపల్లె వెళ్ళేవాళ్ళు తెనాలి జంక్షన్‌లో దిగి బండి మారినట్టు. వాసన ఆ జంక్షన్‌లో ఆగదు. ముక్కు పైభాగంలోని నాడుల్లోంచి నేరుగా ఆల్ఫ్యాక్టరీ బల్బుకి చేరుతుంది. అక్కణ్ణుంచి, భయం, ఇష్టం లాంటివి రగిలే అమిగ్డలాకీ, జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ దరిదాపులకీ వెళ్ళిపోతుంది. అందుకే పేరూ ఊరూ గుర్తొచ్చేలోపే గొంతు పట్టేస్తుంది. నాకు ఆ గడపలో జరిగింది అదే. ముందు కళ్ళు తడిశాయి. ఎందుకో ఆ తర్వాత తెలిసింది.

ముందు చప్పుళ్ళు వచ్చాయి. ట్రెడిల్ మిషన్ చక్రం గుండ్రంగా తిరిగే చప్పుడు, కాలికింద తొక్కుడుపలక కిర్రుమనడం, పేర్చి బిగించిన అక్షరాల ఫారం వచ్చి కాగితాన్ని అద్దినప్పుడు ధడ్ మనే మోత. మిషన్ తొక్కే అతను రెండు చేతులతో ఒకేసారి పనిచేసేవాడు. కుడిచేత్తో తెల్లకాగితం పెట్టడం, ఎడమచేత్తో అచ్చయింది లాగడం. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు నలిగిపోతాయి. అయినా అతను మాతో మాట్లాడుతూనే, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూనే లాగేవాడు. మిషన్ ఆగితే వీధివీధంతా తెలిసేది. ఎదురుగా టీకొట్టాయన గ్లాసులు కడగడం మొదలెట్టేవాడు, మేం వస్తామని.

కేసులు ఏటవాలు బల్లల మీద ఉండేవి. ఇంగ్లీషుకి రెండు కేసులు చాలు. తెలుగుకి ఎన్ని గళ్ళో! అక్షరాలు, గుణింతాలు, వత్తులు, అన్నీ వేరువేరు గళ్ళు. గడి మీద పేరు ఉండదు. చేతికే తెలియాలి. చేరిన కొత్తల్లో బాబాయి నన్ను నెలరోజులు స్టిక్ ముట్టుకోనివ్వలేదు. "ముందు ఇల్లు తెలుసుకో అబ్బాయ్. ఏ అక్షరం ఏ గదిలో ఉంటుందో తెలియకుండా వంటింట్లోకి ఎట్టా పోతావ్?" అనేవాడు. సాయంత్రాలు కళ్ళు మూసుకోమని అడిగేవాడు. 'క్ష' ఎక్కడ? 'ణ' వత్తు ఎక్కడ? చెయ్యి గాల్లో వెళ్ళి ఆ గడి మీద ఆగాలి. తప్పు గడి మీద ఆగితే ఏమీ అనేవాడు కాదు, నా మణికట్టు పట్టుకుని సరైన చోటికి జరిపేవాడు. ఆయన వేళ్ళు సీసపు నలుపుతో, కుంకుడుకాయ రుద్దినా వదలని నలుపుతో ఉండేవి.

ఆ పనిలో ఎవరికీ ఇష్టంలేనిది డిస్ట్రిబ్యూషన్. అచ్చయిపోయిన పేజీని విప్పి, కిరసనాయిలుతో కడిగి, అక్షరం అక్షరం ఏ గడిది ఆ గడిలో తిరిగి వెయ్యడం. కుర్రాడిని కాబట్టి అది నా మీద పడేది. నిన్న శుభలేఖలో పెళ్ళికూతురి పేరులో ఉన్న 'ల' ఇవాళ గడిలో పడుతుంది, రేపు ఎరువుల కొట్టు బిల్లులోకి పోతుంది, ఎల్లుండి ఎవరిదో పెద్దకర్మ కార్డులో కూర్చుంటుంది. మళ్ళీ అదే శుభలేఖ ఇంకో వంద కావాలంటే పేజీ ఎక్కడా ఉండదు. మొదట్నుంచీ పేర్చుకోవాలి. ఈసారి 'ళ' అరిగిపోయి ఉంటే ఇంకో సైజుది పెట్టి సర్దుకోవాలి. చూసేవాళ్ళకి అదే కార్డు. చేసినవాడికి తెలుసు అది అది కాదని.

విప్పకుండా ఉంచే పేజీలూ కొన్ని ఉండేవి. సినిమాహాలు టికెట్లు, రోజూ పనిపడే బిల్లు పుస్తకాలు. పురికొసతో చుట్టూ గట్టిగా కట్టి గూట్లో పెట్టేవాళ్ళం. అడిగినప్పుడు తీసి, దుమ్ము దులిపి, మిషన్ ఎక్కించడమే.

చాలాకాలం నా జ్ఞాపకాలన్నీ ఆ గూట్లో కట్టిపెట్టిన పేజీలే అనుకున్నాను.

* * *

అట్లా కట్టిపెట్టుకున్న వాటిలో అన్నిటికంటే గట్టిది గాలివాన రాత్రి.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. వేలమంది పోయారు. ఊళ్ళకి ఊళ్ళు లేకుండా పోయాయి. తెనాలికి సముద్రం రాలేదు గాని గాలి వచ్చింది. నాకు గుర్తున్నది ఇదీ: ప్రెస్సు పైకప్పు రేకులు ఒక్కొక్కటే లేచి కొట్టుకుంటున్నాయి. వెనకవైపు గోడ పక్కనుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. చీకటి. బాబాయి పంచె ఎగగట్టి, కింద వరస కేసులు ఒక్కొక్కటే లాగి, పేజీలు బిగించే రాతి బల్ల మీదకి ఎత్తుతున్నాడు. ఒక్కో కేసూ ఎంత బరువు! సీసం కదా. నిండుకేసు ఇద్దరు పట్టుకోవాలి. నేను లాంతరు పట్టుకుని నిలబడ్డాను. గాలికి దీపం ఆరిపోకుండా ఒంటిని అడ్డం పెట్టాను. బాబాయి ప్రతి కేసు ఎత్తేముందూ "ఇటు, ఇటు" అంటున్నాడు, వెలుతురు అటు తిప్పమని. తెల్లారేసరికి నేల మీద మోకాలి కింద దాకా నీళ్ళు, రాతి బల్ల మీద కేసుల గుట్ట. ఒక్క అక్షరం తడవలేదు.

ఇది నేను నా పెళ్ళిలో చెప్పాను, పిల్లలకి చెప్పాను, హైదరాబాద్‌లో ప్రూఫ్ రీడర్‌గా చేసినన్నాళ్ళూ నైట్ డ్యూటీలో వాన పడిన ప్రతిసారీ చెప్పాను. చెబుతున్నప్పుడు లాంతరు కడ్డీ చేతికి వేడిగా తగిలేది.

బాబాయీ చెప్పేవాడు. టీ తాగేటప్పుడు, వాన మబ్బు పట్టినప్పుడు. ఒక్కోసారి ఒక్కోలా. మొదట్లో ఎనిమిది కేసులు, కొన్నాళ్ళకి పన్నెండు. ఒకసారి పాము వచ్చిందన్నాడు. ఆ తర్వాత పాము మళ్ళీ రాలేదు. అబద్ధాలాడే మనిషి కాదు. ప్రూఫులో ఒక్క కామా లేకపోయినా నిద్రపట్టని మనిషి. కథకి ఏది కావాలో అది వచ్చి చేరేది, అక్కర్లేనిది రాలిపోయేది. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే ఆయన 1932లో ఇదే రాశాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషువాళ్ళచేత చదివించి, ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. చెప్పిన కొద్దీ కథ చిన్నదయింది. వాళ్ళకి కొత్తగా అనిపించినవి జారిపోయాయి, మిగిలినవి వాళ్ళ ఊరి వస్తువులుగా మారాయి. కథలోని చెట్టుబోదె పడవ మామూలు పడవైపోయింది. గుర్తు చేసుకోవడమంటే తీసి చూపించడం కాదు, మళ్ళీ కట్టడం అన్నాడాయన. మా డిస్ట్రిబ్యూషన్ బల్ల దగ్గర నిలబడి చూసినట్టే చెప్పాడు.

* * *

మూడేళ్ళ కింద బాబాయికి మతిమరుపు మొదలైంది. ముందు చిన్నవి. తిన్నాడో లేదో, పింఛను తెచ్చాడో లేదో. తర్వాత మనవరాలి పేరు. తర్వాత ఇంటికొచ్చిన కోడలు ఎవరని. కాని పెళ్ళినాటి ముచ్చట్లు, తను పని నేర్చుకున్న రోజులు, వాళ్ళ నాన్న కొట్టిన దెబ్బలు, అవన్నీ ఉన్నాయి. గుంటూరులో డాక్టరుగారు ఇది ఇట్లాగే ఉంటుందమ్మా అని పిన్నికి చెప్పారు. కొత్తవి ముందు పోతాయి, పాతవి చివర్న పోతాయి. థియోడ్యూల్ రిబో అనే ఫ్రెంచి ఆయన 1881లోనే ఈ వరస గమనించి రాసిపెట్టాడు. పైన పేర్చినవి ముందు తీసుకుంటూ పోయినట్టు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు నా దగ్గర దాచుకున్న స్టిక్ పట్టుకెళ్ళాను. ఓ పిడికెడు టైపు కూడా, ఎప్పుడో జేబులో వేసుకుని వచ్చినవి. బాబాయి మంచం మీద కూర్చుని నన్ను చూసి, "ఎవరండీ మీరు? కూర్చోండి," అన్నాడు. మీరు అన్నాడు నన్ను! పిన్ని మొహం తిప్పుకుంది.

స్టిక్ ఆయన ఒళ్ళో పెట్టాను. టైపు ఒక స్టీలు పళ్ళెంలో పోశాను. కాసేపు చూశాడు. ఎడమచెయ్యి స్టిక్ కిందకి వెళ్ళింది. బొటనవేలు లోపలికి వంగింది. కుడిచేత్తో ఒక అక్షరం తీశాడు. కంటితో చూడలేదు. వేలి కొసతో దాని ఒంటి మీద గాటు ఎటు ఉందో తడిమాడు, తిప్పాడు, పెట్టాడు. ఇంకోటి. ఇంకోటి. మాటేమీ కాదు అది. చేతికి దొరికినవి దొరికినట్టు పెట్టాడు. కాని అన్నీ సరైన వైపుకే, తలకిందులుగా, ఎడమనుంచి కుడికి, ఎట్లా పెట్టాలో అట్లా. పది పన్నెండు పెట్టాక వరసని బొటనవేలితో నొక్కి చూసుకుని, నా వైపు తిరిగి అడిగాడు.

"లెడ్డేదీ?"

వరసకీ వరసకీ మధ్య పెట్టే సన్నటి సీసపు పట్టీ. అది నేను తేలేదు. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

గుంటూరు డాక్టరుగారికి ఈ సంగతి చెబితే ఆయన హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ గురించి చెప్పారు. చిన్నప్పట్నుంచీ మూర్ఛలు. 1953లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, మూర్ఛలు ఆపడానికి ఆపరేషన్ చేసి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ చాలాభాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆ రోజు తర్వాత జరిగింది ఏదీ అతనిలో నిలవలేదు. పలకరించి వెళ్ళినవాళ్ళు కాసేపటికి మళ్ళీ వస్తే కొత్తవాళ్ళే. 2008లో చనిపోయేదాకా అంతే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి ఒక పని ఇచ్చింది. తన చేతిని నేరుగా చూడకుండా, అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం గీత వెంబడి గియ్యాలి. అద్దంలో అన్నీ తారుమారు కాబట్టి ఎవరికైనా కష్టమే. అతను రోజురోజుకీ బాగా గీశాడు. ప్రతిరోజూ మాత్రం ఈ పని నేనెప్పుడూ చెయ్యలేదే అనే అనుకున్నాడు. చేతికి వచ్చింది, మనిషికి తెలియదు.

అద్దంలో రాత! మేం జీవితమంతా చేసిన పని అదే కదా. అచ్చు అక్షరం అద్దంలో చూసినట్టే ఉంటుంది. బాబాయి వేళ్ళలో ఏది మిగిలిందో నాకప్పుడు అర్థమైంది. చెయ్యి నేర్చుకున్నదానికి మెదడులో వేరే ఇల్లుంది. ఆ ఇంటికి ఇంకా మంట అంటుకోలేదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్, దివిసీమ ఉప్పెన గుర్తుందా?"

"ఎందుకు లేదూ. డెబ్బై ఏడు. పాపం, ఎంతమంది పోయారు."

"ఆ రాత్రి ప్రెస్సులో కేసులన్నీ రాతి మీదకి ఎత్తావు కదా."

"ఎవరూ?"

నేను మొత్తం చెప్పాను. రేకులు, నీళ్ళు, కేసుల బరువు, ఇటు ఇటు అనడం. ఆయన చెప్పిన మాటల్లోనే ఆయనకి చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు. అయ్యాక తల ఊపాడు. "ఎవరో గాని, పనిమంతుడే," అన్నాడు.

ఉప్పెన వచ్చిందన్నది ఆయనకి తెలుసు. సంవత్సరంతో సహా. ఆ రాత్రి తను ఉన్నది మాత్రం పోయింది. తెలిసినవాటి జ్ఞాపకం వేరు, ఒంటిమీదుగా జరిగినవాటి జ్ఞాపకం వేరు అని 1972లో ఎండెల్ టుల్వింగ్ అనే ఆయన విడదీసి చూపించాడట. చదివితే తేలిగ్గానే ఉంటుంది. ఎదురుగా మంచం మీద కూర్చుని, తన కథని పరాయివాడి కథలా విని మెచ్చుకునే మనిషిని చూసినప్పుడు ఆ రెంటి మధ్య ఎంత దూరమో తెలిసింది.

* * *

షెడ్డులోకి తిరిగొస్తాను. ఓనరుగారి అబ్బాయి అటక మీంచి ఒక రేకు పెట్టె దించాడు. పాత ఆర్డర్ల పుస్తకాలు, జీతాల పుస్తకాలు. "నీ సంతకం ఉంటుంది అన్నా, చూడు," అన్నాడు. చెదలు అంచులు తినేశాయి గాని మధ్యభాగం బాగానే ఉంది. నా పేరు దొరికింది. కొత్త కుర్రాడు, రోజుకి రెండున్నర. పక్కన నా చేతిరాత, 'ర' పొట్ట బాగా లావుగా, బడిలో రాసినట్టు.

ఆ పేజీ 1978 జనవరిది. నెల సగంలో మొదలైంది. సంక్రాంతి దాటాక.

వెనక్కి తిప్పాను. డిసెంబరులో నా పేరు లేదు. నవంబరులో లేదు.

ఎక్కడో పొరపాటనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నాకే తట్టింది. నన్ను ఎందుకు పెట్టుకున్నారు? 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు. కరపత్రాల పని తట్టుకోలేక మనిషి కావాల్సొచ్చింది. నేను మొదట విప్పిన పేజీలు ఎన్నికల కరపత్రాలే, ఆ సంగతి నాకు బాగా గుర్తు. 'విజ్ఞప్తి' అన్న పెద్ద అక్షరాలు ఎన్నిసార్లు గళ్ళల్లో వేశానో! ఇన్నాళ్ళూ ఈ రెండూ నా దగ్గరే ఉన్నాయి, గాలివాన ముందు, ఎన్నికలు తర్వాత. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

అక్కయ్యకి ఫోన్ చేశాను. "గాలివాన రాత్రి నేనెక్కడున్నానే?"

"ఎక్కడేంటిరా, మనింట్లోనే." కొల్లిపర వైపు మా పల్లె. "వడ్లగాదె పక్కన మంచం నిలబెట్టి నాన్న మనందర్నీ దాని వెనక కూర్చోబెట్టాడు. నువ్వు దూడ కట్టు విప్పుతానని బయటికి ఉరికావు. అమ్మ వెనకనుంచి చొక్కా పట్టుకు లాగింది. చర్రున చిరిగింది. ఆ చొక్కా కోసం తెల్లారిందాకా ఏడ్చావు కదరా."

నాకు దూడ లేదు. చొక్కా లేదు. అమ్మ చెయ్యి లేదు. లాంతరే ఉంది.

అక్కయ్య చెప్పింది విన్నాక, రైల్లో కూర్చుని కళ్ళు మూసుకుంటే ఒక దూడ కనపడింది. తెల్లది, నుదుట మచ్చతో. అది అసలు దూడేనా, అక్కయ్య మాటల్లోంచి నేను అప్పటికప్పుడు పేర్చుకున్నదా చెప్పలేను. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్ళు ఇట్లాంటి పరీక్షే చేశారు. 24 మందికి, మీవాళ్ళు చెప్పారంటూ, చిన్నప్పుడు మీరు ఒక షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని చెప్పారు. జరగని సంగతి అది. కొంతకాలానికి వాళ్ళలో పావువంతు మంది దాన్ని కొంతో గొప్పో గుర్తు తెచ్చుకున్నారు. అందుకే దూడని ఇప్పుడే నమ్మను. ఊరికే చూస్తూ ఉంటాను.

నాకు ఎక్కువ ఊరటనిచ్చింది ఇంకొకటి. 1986 జనవరిలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడు పొద్దున అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన కాలేజీ విద్యార్థులచేత, మీరు ఈ వార్త ఎక్కడ, ఎట్లా విన్నారో రాయమని కాగితాల మీద రాయించి దాచాడు. రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగాడు. పావువంతు మంది చెప్పినదానిలో ఒక్క ముఖ్యమైన వివరమూ మొదటి కాగితంతో కలవలేదు. అయినా చాలామంది గట్టి నమ్మకంతో చెప్పారు. వాళ్ళ చేతిరాతే వాళ్ళకి చూపించినా ఆ మొదటి జ్ఞాపకం తిరిగి రాలేదు. అది ఎక్కడా లేదు. కొత్తది దాని చోట్లో కూర్చుంది.

రేకు పెట్టె ముందు నా లావుపాటి 'ర'ని చూస్తూ కూర్చున్నప్పుడు నాకు జరిగింది అదే. పుస్తకం నిజం, సంతకం నాది, అక్కయ్య అబద్ధం చెప్పదు. అయినా లాంతరు కడ్డీ ఇంకా చేతిలో వేడిగానే ఉంది.

ఒక గుర్తు మాత్రం ఇన్నేళ్ళూ నా కళ్ళముందే ఉంది. ఆ రాత్రిని తలుచుకున్నప్పుడు నేను బాబాయిని చూడను. బాబాయినీ, లాంతరు పట్టుకున్న నన్నూ, ఇద్దర్నీ చూస్తాను. పక్కనుంచి, గోడవైపునుంచి. నిజంగా జరిగినవాటినీ మనం ఒక్కోసారి అట్లా బయటనుంచి చూస్తాం కాబట్టి అది రుజువేమీ కాదు. కాని కంపోజింగ్ నేర్చుకున్న మొదటి రోజుని తలుచుకుంటే నా మొహం కనపడదు. నా మణికట్టు మీద నల్లటి వేళ్ళే కనపడతాయి.

ఎలా జరిగిందో ఊహించగలను. పదహారునుంచి ఇరవై రెండు దాకా ఆ కథ ఎన్ని వందలసార్లు విన్నానో. పదేళ్ళకీ ముప్ఫై ఏళ్ళకీ మధ్య జరిగినవే మనుషులకి జీవితాంతం ఎక్కువ గుర్తుంటాయని లెక్కలు కట్టినవాళ్ళున్నారు. ఆ వయసులోనే ఆ చెక్కబల్ల మీద, ఆ టీ గ్లాసుతో, ఆ మనిషి గొంతులో విన్నాను. తలుచుకున్న ప్రతిసారీ జ్ఞాపకం మెత్తబడి, మళ్ళీ గట్టిపడుతుందని 2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ మెత్తగా ఉన్నప్పుడు దాన్ని కదిలించవచ్చు, చెరపనూ వచ్చు. రోహిణికార్తెలో మా రోలర్లు మెత్తబడినట్టే. జిగురూ గ్లిజరినూ కలిపి పోసిన రోలర్లు అవి. ఎండకి మెత్తబడినప్పుడు దేనికి తగిలితే దాని గుర్తు పడిపోయేది. కథలో ఎవరో లాంతరు పట్టుకుని ఉండాలి. చీకట్లో కేసులు కనపడాలంటే వెలుతురు కావాలి కదా. బాబాయి ఎన్నడూ ఆ మనిషి ఎవరో చెప్పలేదు. "ఇటు, ఇటు" అని మాత్రం అనేవాడు. ఆ ఖాళీ గడిలో నేను వెళ్ళి కూర్చున్నాను.

* * *

రైలుకి ముందు పిన్ని దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. జనం వెళ్ళిపోయారు. వరండాలో ఒక్కతే కూర్చుని తమలపాకులకి తడిగుడ్డ చుడుతోంది. పక్కన కూర్చున్నాను. జీతాల పుస్తకం సంగతి చెప్పాను. గాలివాన రాత్రి నేను లేనట పిన్నీ అన్నాను.

"నువ్వెట్టా ఉంటావయ్యా. నువ్వింకా రాలేదుగా అప్పటికి."

"మరి లాంతరు ఎవరు పట్టుకున్నారు?"

నా వైపు వింతగా చూసింది. "నేనే."

ఆయన చీకటిపడ్డా ఇంటికి రాకపోతే, పసిపిల్లాణ్ణి పక్కింటి ముసలమ్మ దగ్గర పడుకోబెట్టి, లాంతరు కొంగులో దాచుకుని, గోడలు పట్టుకుంటూ రెండు వీధులు నడిచి వెళ్ళిందట. తీసుకొచ్చేద్దామని వెళ్ళింది. ఆయన రానన్నాడు. అక్షరాలు పోతే ఓనరు మళ్ళీ కొనలేడు, మనకి పని ఉండదన్నాడు. ఇంకేం చేస్తుంది, లాంతరు పైకెత్తి నిలబడింది. కాసేపయ్యాక దాన్ని మేకుకి తగిలించి తనూ ఓ చెయ్యి వేసింది. ఎత్తింది ఇద్దరూ. ఆరు కేసులు. ఏడోది జారి పడింది, మొత్తం నీళ్ళపాలు. తెల్లారాక ఇద్దరూ బురదలో చేతులు పెట్టి ఆ అక్షరాలు ఏరారు, వారం పట్టింది.

ఏడోది పడిపోయిన సంగతి బాబాయి నోట ఒక్కసారీ వినలేదు.

"గాలికి మేకు మీంచి లాంతరు ఊడొచ్చింది. పట్టుకోబోతే చిమ్నీ పగిలింది," అంటూ కుడిచెయ్యి చాపింది. అరచేతి కింద, మణికట్టు దగ్గర, తెల్లగా వంకర గీత. ఈ చేత్తో ఎన్నిసార్లు అన్నం వడ్డించింది నాకు! ఒక్కసారీ చూడలేదు.

"ఎప్పుడూ చెప్పలేదేం పిన్నీ?"

"నన్నెవరడిగారయ్యా."

మొదట్నుంచీ చెప్పమన్నాను. పసిపిల్లాణ్ణి ఎవరి దగ్గర పడుకోబెట్టావు, ఏ వీధిలోంచి వెళ్ళావు, లాంతరు ఏ చేత్తో పట్టుకున్నావు. తమలపాకులు పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టింది. నేను జేబులోంచి పెన్ను తీసి, పెద్దకర్మ కార్డు వెనక్కి తిప్పి రాసుకున్నాను. మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకుని ఆ రాత్రిని తలుచుకుని చూశాను. బాబాయి పంచె ఎగగట్టి వంగి ఉన్నాడు. నన్ను అక్కణ్ణుంచి జరిపి పిన్నిని నిలబెట్టాను. తడిసిన చీర, నుదుటికి అంటుకున్న జుట్టు, వచ్చింది, నిలబడింది. లాంతరు మాత్రం ఇంకా నా చెయ్యి ఎత్తు దగ్గరే వెలుగుతోంది.